సగం కత్తిరించిన రిపోర్టు: ఒక ‘నేచురల్’ ఫిట్‌నెస్ ఇన్‌ఫ్లుయెన్సర్ కేస్ స్టడీ

ముందే ఒక మాట. ఇది నా పేషెంట్ అనుమతితో రాస్తున్న కేసు, మొత్తం చదివి సరేనన్నాకే బయట పెడుతున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. మందుల డోసులు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే ఇలాంటివి చదివి సొంతంగా మొదలుపెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను హార్మోన్ల డాక్టర్ని. స్టెరాయిడ్ల (కండలు పెంచుకోవడానికి వాడే, పురుష హార్మోన్‌లా పనిచేసే మందులు) కేసులు నాకు కొత్త కాదు, కానీ ఆన్‌లైన్‌లో చెప్పిన అబద్ధం మనిషి వైద్యాన్ని ఎంత దూరం దారి తప్పించగలదో ఇంత స్పష్టంగా చూపించిన కేసు ఇది. అందుకే రాస్తున్నాను.

భార్యాభర్తలిద్దరూ వచ్చారు. పెళ్లై మూడేళ్లు, ఏడాదిన్నరగా పిల్లల కోసం చూస్తున్నారు. భార్యకి స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, చివరికి ట్యూబుల ఎక్స్‌రే దాకా అన్నీ అయ్యాయి, అన్నీ నార్మల్. ఆ తర్వాతగానీ భర్త వైపు చూడలేదు. ఆయన సెమన్ ఎనాలిసిస్‌లో రెండుసార్లూ ఒక్క వీర్యకణం కూడా లేదు. పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ బాగా తక్కువగా వచ్చింది కాబట్టి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో ఏదైనా ఉందేమోనని ఎంఆర్‌ఐ తీయించారు, అందులో ఏమీ కనిపించలేదు. కారణం తెలియకపోయినా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు మొదలుపెడదామని ముందు చూసిన డాక్టర్లు అన్నారట. ఆ కాగితాలు పట్టుకుని సెకండ్ ఒపీనియన్ కోసం నా దగ్గరికి వచ్చారు.

ఆయన వయసు ముప్పైలోపే. ఆన్‌లైన్ ఫిట్‌నెస్ కోచ్, లక్షల్లో ఫాలోవర్లు ఉన్నారు. పన్నెండు వారాల్లో ఒళ్లు మార్చే ప్రోగ్రామ్ అమ్ముతారు, దాదాపు ప్రతి వీడియోలోనూ ‘నేచురల్’ అన్న మాట ఉంటుంది, అంటే స్టెరాయిడ్లు వాడకుండానే ఆ ఒళ్లు వచ్చిందని.

ఎత్తు 174 సెంటీమీటర్లు, బరువు 91 కిలోలు, చర్మం మడతలు కొలిచి చూస్తే కొవ్వు 11 శాతం దగ్గర ఉంది. అంటే కొవ్వు తీసేస్తే 81 కిలోలు. దీన్ని ఎత్తుతో లెక్కగట్టి, ఎత్తుకి తగ్గ సవరణ కూడా చేస్తే వచ్చే అంకెని ఎఫ్‌ఎఫ్‌ఎంఐ అంటారు, ఈయనది 27. దీని గురించి 1995లో వచ్చిన ఒక అధ్యయనం ప్రసిద్ధం. 157 మంది క్రీడాకారుల్ని, అంటే స్టెరాయిడ్లు వాడినవాళ్లనీ వాడనివాళ్లనీ కొలిచి, వాడనివాళ్లు దాదాపు 25 దగ్గర ఆగిపోతున్నారని చెప్పారు. కానీ ఈ 25 అనేది కోర్టు తీర్పు కాదు. అదే పేపర్లో 1939 నుంచి 1959 దాకా మిస్టర్ అమెరికా గెలిచినవాళ్ల సగటు 25.4 అని ఉంది, అది స్టెరాయిడ్లు విరివిగా రాకముందు కాలం. పుట్టుకతోనే గట్టి ఒళ్లు ఉన్నవాళ్లు ఆ గీత దాటొచ్చు. కాబట్టి ఎవరి ఫోటోనో చూసి ‘వీడు కచ్చితంగా వాడాడు’ అనడం నాకు నచ్చదు, లైటింగు, పంపు (వ్యాయామం చేసిన వెంటనే కండలు ఉబ్బడం), యాంగిల్ కలిస్తే మామూలు ఒళ్లు కూడా వేరేలా కనిపిస్తుంది. నాకు అనుమానం వచ్చింది ఆ అంకె ఒక్కదాన్ని చూసి కాదు.

వీపు నిండా మొటిమలు, మచ్చలు. కుడి చనుమొన కింద బిళ్లలాగా చేతికి తగిలే గ్రంథి. వృషణాలు రెండూ చిన్నగా, మెత్తగా ఉన్నాయి. బీపీ 148/94. ఇక రక్తం. టెస్టోస్టెరాన్ డెసిలీటర్‌కు 92 నానోగ్రాములు, మామూలుగా ఈ వయసులో 300 పైన ఉండాలి. వృషణాల్ని పని చేయించడానికి పిట్యూటరీ నుంచి రావాల్సిన హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ మిషన్ కొలవలేనంత తక్కువ. మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 17. రక్తంలో టెస్టోస్టెరాన్‌ని మోసే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్ దాదాపు అడుగంటింది. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 53 శాతం.

ఈ చివరి అంకె దగ్గరే ఆగాలి. నిజంగా టెస్టోస్టెరాన్ లేని మగవాడికి హిమోగ్లోబిన్ కొంత తగ్గుతుంది, కండ కరుగుతుంది, కొవ్వు పెరుగుతుంది. ఇక్కడ టెస్టోస్టెరాన్ 92, రక్తం మాత్రం చిక్కగా ఉంది, కండ ఎదురుగా కనిపిస్తోంది. ఒకే మనిషిలో ఈ రెండూ ఉన్నాయంటే ఒంట్లో పురుష హార్మోన్ పని జరుగుతూనే ఉంది, కాకపోతే ఆ పని చేస్తున్నది మన పరీక్ష టెస్టోస్టెరాన్‌గా గుర్తుపట్టని పదార్థం. స్టానొజోలాల్, ఆక్సాండ్రోలోన్, ట్రెన్‌బోలోన్ లాంటివన్నీ అలాంటివే. హెచ్‌డీఎల్, ఎస్‌హెచ్‌బీజీ అంతగా పడిపోయాయంటే నోటితో వేసుకునే స్టెరాయిడ్ మాత్రల మీదికి అనుమానం వెళ్తుంది. లివర్ ఎంజైములు కూడా కొంచెం ఎక్కువే, కానీ లివర్ దెబ్బతింటే పెరిగే జీజీటీ నార్మల్‌గా ఉండి, కండల నుంచి వచ్చే సీకే వెయ్యి దాటింది కాబట్టి అందులో చాలా వాటా బరువులెత్తిన కండలదే అయ్యుండాలి.

అడిగాను. జవాబు వెంటనే వచ్చింది. “లేదు మేడమ్, నేను నేచురల్. కావాలంటే నా పేజీ చూడండి.” చెప్తూనే ఫోన్ తీసి ఒక రీలు చూపించారు. అందులో ఆయన చేతిలో ల్యాబ్ రిపోర్టు ఉంది, టెస్టోస్టెరాన్ 640, కింద కామెంట్లలో జనం చప్పట్లు. కాగితం సగం దగ్గర మడిచి ఉంది. ఆ పైసగమే కెమెరాకి కనిపిస్తోంది.

టెస్టోస్టెరాన్ ఒక్కటే చూపించి నేచురల్ అని నిరూపించడం కుదరదు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ తక్కువ మోతాదులో తీసుకునే మనిషికి కూడా 640 హాయిగా వస్తుంది. తేడా తెలిసేది దాని కిందున్న రెండు లైన్లలో. ఒంట్లో సొంతంగా తయారవుతుంటే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ మామూలుగా ఉంటాయి, బయటి నుంచి వస్తుంటే మెదడు ‘ఇక అక్కర్లేదు’ అనుకుని వాటిని ఆపేస్తుంది. ఇలాంటి రిపోర్టులు చూపించి ప్రోగ్రాములు అమ్మేవాళ్లని చూస్తున్న ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలియాలి. ఆ రెండూ నార్మల్‌గా ఉన్నా ఈరోజు నార్మల్ అనే అర్థం, ఐదేళ్ల చరిత్ర అందులో కనిపించదు.

భార్యని కాసేపు బయట కూర్చోమని, ఆ పాత రిపోర్టు పూర్తి ఫైలు ఉందా అని అడిగాను. మెయిల్లో ఉంది. ఎల్‌హెచ్ 0.3 కన్నా తక్కువ. ఆయన దాన్ని నాకు చూపించి, నా మొహం కూడా చూడకుండా, “ఇంట్లో తెలియదు మేడమ్” అన్నారు.

ఇక్కడ తోటి డాక్టర్లకి ఒక విషయం. ‘స్టెరాయిడ్స్ వాడతారా’ అని భార్య ముందో అమ్మానాన్నల ముందో అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ లేదనే. మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి, తప్పుపట్టే గొంతు లేకుండా, ‘ఇప్పటిదాకా ఏమేం వేశారు, ఇప్పుడేం నడుస్తోంది, ఆఖరి ఇంజెక్షన్ ఎప్పుడు’ అని అడగాలి. వాడారనే అనుకుని అడిగితే వాడినవాళ్లు తేలిగ్గా చెప్తారు, వాడనివాళ్లు లేదని నవ్వేస్తారు, ఎవరికీ నష్టం లేదు. వాళ్ల మాటలు కూడా మనకి తెలిసి ఉండాలి. సైకిల్ (మందు వాడే కొన్ని వారాలు), స్టాక్ (ఒకేసారి కలిపి వాడే మందులు), గేర్ (స్టెరాయిడ్లు), క్రూజ్ (తక్కువ మోతాదులో కొనసాగించడం), పీసీటీ (సైకిల్ ఆపాక సొంత హార్మోన్ తిరిగి రావాలని వేసుకునే మందులు) అని వాళ్లు మాట్లాడుతుంటే మనం తెల్లమొహం వేస్తే అక్కడితో నమ్మకం పోతుంది.

ఆయన చెప్పింది ఇదీ. ఇరవై రెండేళ్లప్పుడు జిమ్‌లో ఒక సీనియర్ ఇచ్చిన మాత్రలతో మొదలైంది. తర్వాత టెస్టోస్టెరాన్, నాండ్రోలోన్, పోటీలకి ముందు ట్రెన్‌బోలోన్. కొన్నేళ్లుగా పూర్తిగా ఆపిందే లేదు, ఎక్కువ మోతాదు కొన్ని నెలలు, తక్కువ మోతాదు కొన్ని నెలలు, ఈ తక్కువ మోతాదు కాలాన్నే క్రూజ్ అంటారు. పిల్లల గురించి ఆలోచన వచ్చాక ఇంజెక్షన్లు ఆపారు, కానీ ఒళ్లు తగ్గితే వీడియోలో తెలిసిపోతుందని స్టానొజోలాల్ మాత్రలు మాత్రం వదల్లేదు. ఇంజెక్షన్లే కదా అసలు స్టెరాయిడ్లు, మాత్రలు అంత లెక్కలోకి రావు అని జిమ్‌లో ఎవరో చెప్పారట. ఇది పూర్తిగా తప్పు.

టెస్టోస్టెరాన్ ఎక్కువుంటే పిల్లలు పుట్టే శక్తి కూడా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది రివర్స్. బయటి హార్మోన్ రాగానే పిట్యూటరీ ఆగిపోతుంది, దాంతో వృషణాల లోపల తయారయ్యే టెస్టోస్టెరాన్ పడిపోతుంది, వీర్యకణాలు పుట్టాలంటే అవసరమైంది ఆ లోపలిదే. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లని మగవాళ్లకి గర్భనిరోధకంగా వాడొచ్చా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరీక్ష ఫలితాలు 1990లో వచ్చాయి. వారం వారం ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో సగానికి పైగా మందికి కణాల సంఖ్య సున్నాకి చేరింది. ఈ దంపతులకి పిల్లల కోసమని టెస్టోస్టెరాన్ మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో ఇక ఊహించుకోవచ్చు. ఆ సలహా ఇచ్చినవాళ్ల తప్పు కొంత ఉంది, కానీ వాళ్లకి ఈ చరిత్రేదీ ఆయన చెప్పలేదు. కెమెరా ముందు అలవాటైన అబద్ధాన్నే డాక్టరు ముందూ చెప్పారు. దాని ఫలితంగా ఒక అనవసరమైన ఎంఆర్‌ఐ, భార్య ఒంటి మీద అన్ని పరీక్షలు, పైగా ఏడాదిన్నర కాలం పోయింది.

ఎకో (గుండె స్కానింగ్) తీయిస్తే గుండె పంపింగ్ 48 శాతం, ఎడమ గది గోడ 13 మిల్లీమీటర్లు, అంటే గోడ మందమైంది, పని తగ్గింది. 2017లో సర్క్యులేషన్ జర్నల్లో 86 మంది వాడేవాళ్లని 54 మంది వాడనివాళ్లతో పోల్చి చూసిన అధ్యయనంలో ఇదే కనిపించింది, వాడుతున్నవాళ్ల గుండె పంపింగ్ బలహీనంగా ఉంది, ఆపినవాళ్లలో కొంత మెరుగ్గా ఉంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని అడిగితే, కార్డియో తక్కువ చేస్తున్నాను కాబట్టేమో అనుకున్నాను మేడమ్ అన్నారు.

అన్నీ ఆపించాను. వృషణాలు మళ్లీ మేలుకోవడానికి, ఎల్‌హెచ్ లాగా పనిచేసే హెచ్‌సీజీ మొదలుపెట్టాం, కొన్ని నెలలయ్యాక ఎఫ్‌ఎస్‌హెచ్ కలిపాం, బీపీకి మందు, గుండె డాక్టరు పర్యవేక్షణ. రాసుకుంటే ఇంతే, నాలుగు లైన్లు. అసలు కష్టం ఇక్కడ కాదు.

స్టెరాయిడ్లు ఆపాక వచ్చే కొన్ని నెలలు చాలా ప్రమాదకరం. సొంత హార్మోన్ ఇంకా రాలేదు, బయటిది పోయింది. నీరసం, కోరిక లేకపోవడం, ఏడుపు, నిద్ర పట్టకపోవడం, కొందరికి చచ్చిపోవాలన్న ఆలోచన. ఇది ముందే పేషెంటుకీ ఇంట్లోవాళ్లకీ చెప్పాలి, ప్రతి విజిట్‌లోనూ నేరుగా అడగాలి. ఈయనకి మొదటి రోజు నుంచే సైకియాట్రిస్టుని కలిపాను. పైగా ఈయనకి ఇంకో టెన్షన్ ఉంది. కండే ఆయన జీవనాధారం. నెలనెలా ఒళ్లు తగ్గుతుంటే లక్షలమంది చూస్తారు. మళ్లీ మందు మొదలుపెట్టాలన్న ఒత్తిడి జిమ్‌లోకన్నా ఫోన్‌లో ఎక్కువ. అందుకే ఆ పేజీలో ఏం చెప్పాలన్నది కూడా వైద్యంలో భాగంగానే చూశాను. అబద్ధం నిలబడాలంటే ఆ ఒళ్లు కావాలి, ఆ ఒళ్లు నిలబడాలంటే మందు కావాలి. అబద్ధం అక్కడే ఉండగా మందు మాన్పించడం నా వల్ల కాదని ఆయనకి చెప్పాను.

ముందు భార్యకి చెప్పాలి. అది ఆయనే చెప్పాలి, ఆయన అనుమతి లేకుండా నేను చెప్పకూడదు. నా గదిలోనే చెప్పారు. ఆవిడ అరవలేదు. “నాకన్ని పరీక్షలు చేయిస్తుంటే పక్కనే కూర్చుని ఒక్క మాట చెప్పలేకపోయావా?” అని మాత్రం అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. తర్వాత రెండు విజిట్లకి ఆవిడ రాలేదు.

జనానికి చెప్పడం అంటే ఆయనకి భయం. లివర్ కింగ్ సంగతి ఏమైందో చూశారుగా అన్నారు. ఆదిమ మానవుల్లా బతికి, పచ్చి లివర్ తిని ఆ ఒళ్లు వచ్చిందని చెప్పుకుంటూ సప్లిమెంట్లు అమ్మిన బ్రయాన్ జాన్సన్, ఈమెయిళ్లు బయటపడ్డాక 2022 డిసెంబర్‌లో స్టెరాయిడ్లు వాడానని వీడియోలో ఒప్పుకున్నాడు. నేను చెప్పిందేంటంటే, ఆయన దొరికిపోయాక చెప్పాడు, మీకు దొరక్కముందే చెప్పే అవకాశం ఉంది. కానీ ఆ మాటకి ఈయన ఒప్పుకోలేదు.

ఒప్పుకున్నది ఒక మెసేజ్ వల్ల. ఒక రోజు తనే చూపించారు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, ప్రోగ్రామ్ కొన్నవాడు. ‘అన్నా, సంవత్సరం నుంచి మీ ప్లాన్ ఒక్కరోజు తప్పకుండా చేస్తున్నా, భుజాలు రావట్లేదు, ఏం తప్పు చేస్తున్నానో చెప్పండి’ అని రాశాడు. దానికి ఈయన అప్పట్లో ఇచ్చిన జవాబు, ‘నీలో కసి సరిపోవట్లేదు తమ్ముడూ, నిద్ర చూసుకో, ఇంకా పెంచు.’ కింద ఆ కుర్రాడి నుంచి ఇంకో మెసేజ్ ఉంది, మా జిమ్‌లో ఒకాయన ఇంజెక్షన్ తీసుకోమంటున్నాడు, మీరైతే తీసుకోకుండానే చేశారు కదా, నాకెందుకు అవ్వట్లేదు అని. దానికి ఈయన జవాబే ఇవ్వలేదు.

ఆ కుర్రాడు ఏ తప్పూ చేయలేదు. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనాన్ని ఆ రోజు ఆయనకి వివరంగా చెప్పాను. 43 మంది మగవాళ్లని నాలుగు గుంపులు చేసి, సగం మందికి వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్, సగం మందికి మందు లేని ఉత్త ఇంజెక్షన్ పది వారాలు ఇచ్చారు. రెండింటిలోనూ కొందరు బరువులెత్తారు, కొందరు ఎత్తలేదు. మందు లేకుండా కష్టపడి వ్యాయామం చేసినవాళ్లకి కొవ్వు కాని బరువు దాదాపు 2 కిలోలు పెరిగింది. మందు తీసుకుని ఏ వ్యాయామమూ చేయనివాళ్లకి 3 కిలోల పైన పెరిగింది. రెండూ చేసినవాళ్లకి 6.1 కిలోలు. పెరిగిందంతా కండే అని కాదు, అందులో నీరు కూడా ఉంటుంది. అయినా మందుతో వచ్చిన ఫలితాన్ని చూపించి, మందు లేని కుర్రాడితో నీకు కసి లేదు అనడం అన్యాయం. వాడు పడ్డ కష్టానికి వచ్చిన ఫలితం చాలా మంచిదే అయ్యుండొచ్చు, కానీ దాన్ని తప్పు కొలతతో కొలుచుకుని వాడు తన ఒంటినే అసహ్యించుకుంటున్నాడు. ఇలాంటి కుర్రాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. హార్మోన్లు అన్నీ నార్మల్, అయినా నాలో ఏదో లోపం ఉంది, టెస్టోస్టెరాన్ రాయండి డాక్టర్ అని. వాళ్లలో కొందరికి అది మజిల్ డిస్మార్ఫియా దాకా వెళ్తుంది, అద్దంలో ఎంత కండ ఉన్నా బక్కగానే కనిపిస్తుంది. ఆ జబ్బుకి ఆ ఒక్క పేజీయే కారణమని నేను అనను. కానీ ఆ పేజీ వాళ్లకి సాయం చేయట్లేదు, డబ్బు మాత్రం తీసుకుంటోంది.

వీడియోలో ఏం చెప్పాలో మేం మాట్లాడుకున్నాం. ఏ మందు ఎంత అన్నది చెప్పొద్దన్నాను, ఎంత పశ్చాత్తాపంతో చెప్పినా అది చూసేవాడికి రెసిపీ అయిపోతుంది. ఎన్నేళ్లు వాడారో, ఆ ఒంట్లో మందు వాటా ఉందని, ఆ ప్రోగ్రామ్ చేస్తే ఆ ఒళ్లు రాదని, ఇప్పుడు తనకేమైందో చెప్పాలన్నాను. భార్య విషయం, పిల్లల విషయం చెప్పాలా వద్దా అన్నది వాళ్లిద్దరి ఇష్టం. చివరికి పెట్టిన వీడియో నేను అనుకున్నంత పూర్తిగా లేదు. కొన్నేళ్లు వాడాను, ఆపేశాను, గుండె మీద ప్రభావం పడింది, పాత ప్రోగ్రామ్ అమ్మట్లేదు అన్నారు. సగం రిపోర్టు చూపించిన ఆ రీలు గురించి మాత్రం ఎత్తలేదు, చెప్పకుండా తీసేశారు. అడిగితే అది చెప్తే మోసం కేసు పెడతారేమోనని భయం అన్నారు. నాకు అసంతృప్తిగానే ఉంది, ఆ రీలు నమ్మి డబ్బు కట్టినవాళ్లకి అది తెలియాల్సిన విషయం. కానీ అడిగినవాళ్లకి డబ్బు తిరిగి ఇచ్చారు, ఆ పంతొమ్మిదేళ్ల కుర్రాడికి విడిగా మెసేజ్ పెట్టారు. తిట్టినవాళ్లు ఉన్నారు, వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. కోచింగ్ ఇంకా చేస్తున్నారు, చాలా తక్కువ మందికి.

అంకెలు ఇలా ఉన్నాయి. మూడు నెలలకి హెమటోక్రిట్ 47కి దిగింది, హెచ్‌డీఎల్ 34కి పెరిగింది. ఏడాది తర్వాత ఎకోలో పంపింగ్ 54 శాతం, గోడ మందం మాత్రం పెద్దగా తగ్గలేదు, 12 మిల్లీమీటర్లు. బరువు 79 కిలోలు. ఎనిమిదో నెల దాకా వీర్యకణాలు సున్నానే, ఆ సమయంలోనే ఒకసారి మళ్లీ మాత్రలు కొని ఇంటికి తెచ్చారు, వేసుకోకుండా భార్యకి చూపించారు. తొమ్మిదో నెలలో అక్కడక్కడ కణాలు కనిపించాయి. పద్నాలుగో నెలలో మిల్లీలీటర్‌కు కోటీ పది లక్షలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కింది హద్దు కోటీ అరవై లక్షలు. చనుమొన కింది గ్రంథి తగ్గలేదు, ఆపరేషన్ చేయించుకోవాలని ఉందన్నారు, ఇప్పుడే వద్దన్నాను. ఇంకా గర్భం నిలవలేదు. ఒక కణం తయారవడానికే రెండున్నర నెలల దాకా పడుతుంది కాబట్టి మూడు నెలలు ఆగి మళ్లీ సెమన్ ఎనాలిసిస్ చేస్తాం, సంఖ్య పెరగకపోతే ఐవీఎఫ్ స్పెషలిస్టు దగ్గరికి పంపుతాను. పోయిన విజిట్‌లో ఆ తేదీ రాసుకున్నది ఆవిడే.